నా హీరో బొమ్మ ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: ఆరంగుళాల సూపర్ హీరో యాక్షన్ ఫిగర్లను పన్నెండేళ్లుగా సేకరిస్తున్నాను. చిన్నప్పటి నుంచి నాకు ఇష్టమైన ఒక జట్టులో ఆరుగురు సభ్యులు బొమ్మలుగా వచ్చారు గానీ ఏడో సభ్యుడు ఇంతవరకు రాలేదు. అతడు మామూలు మనిషి ఆకారంలోనే ఉంటాడు, పొడవాటి కోటు తొడుగుతాడు, సినిమాల్లో ఎన్నడూ కనిపించలేదు. ఈలోగా స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ మాత్రం కొత్త కొత్త వేషాల్లో వస్తూనే ఉన్నారు. కంపెనీకి మూడుసార్లు ఉత్తరం రాశాను, ఒక వినతిపత్రం మీద సంతకమూ చేశాను. ఆ పాత్ర మీద వారికేమైనా పగ ఉందా అనిపిస్తోంది. ఏ పాత్రను బొమ్మగా చేయాలో అసలు ఎవరు, ఎలా నిర్ణయిస్తారు? మావంటి వారి మాటకు అందులో విలువ ఉంటుందా? ఇదే పాత్రను చాలా ఏళ్ల కిందట మరొక కంపెనీ చేసింది. ఆ పాత బొమ్మ ఇప్పుడు మారుబేరంలో విపరీతమైన ధర పలుకుతోంది. కొనెయ్యమంటారా, ఆగమంటారా?

సమాధానం: పగ ఏమీ లేదని ముందుగా చెప్పాలి. బొమ్మలు సేకరించే మనమందరం సాధారణంగా ఒక పొరపాటు ఊహ చేస్తుంటాము. కంపెనీలో ఎవరో పాత్రల జాబితా ముందు పెట్టుకుని, ఎవరికి ఎంతమంది అభిమానులు ఉన్నారో లెక్కగట్టి, పై నుంచి కిందికి ఒక్కొక్కరినీ తయారు చేసుకుంటూ వస్తారని అనుకుంటాము. అదే నిజమైతే మీ ఏడో సభ్యుడు ఎప్పుడో వచ్చి ఉండేవాడు. వాస్తవానికి వారి ముందు ఉండేది కొన్ని చోట్లు మాత్రమే ఉన్న ఒక కార్టన్ పెట్టె. ఆ పెట్టెలో ఏ చోటు ఖాళీగా ఉంది, ఆ చోటుకు ఎంత ఖర్చు పెట్టవచ్చు, అందులో కూర్చునేవారు పక్కవారి అమ్మకాన్ని పెంచుతారా తగ్గిస్తారా అన్న ప్రశ్నలు ముందు వస్తాయి, పాత్ర పేరు ఆ తరువాత వస్తుంది. మీరు అడిగిన మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ పెట్టెలోనే ఉంది కనుక కొంచెం ఓపికగా దాన్ని విప్పి చూద్దాం.

హాస్‌బ్రో కంపెనీ మార్వెల్ లెజెండ్స్ అనే వరుసలో చేసే మార్వెల్ కామిక్స్ పాత్రల బొమ్మలను దుకాణాలకు పంపే మామూలు పెట్టెలో ఎనిమిది బొమ్మలు పడతాయి. దుకాణం వాటిని విడివిడిగా ఏరుకోవడానికి వీల్లేదు, పెట్టెను గంపగుత్తగా కొనవలసిందే. అందువల్ల ఒక్క బొమ్మ అమ్ముడుపోక గోడ కొక్కేనికి నెలల తరబడి వేలాడితే నష్టం ఆ బొమ్మతో ఆగదు. ఆ కొక్కెం ఖాళీ అయ్యేదాకా దుకాణం తరువాతి విడత పెట్టెలను తెప్పించదు. విడతను వేవ్ అని పిలుస్తారు. అలా వేలాడే బొమ్మను పెగ్ వార్మర్ అంటారు, అంటే కొక్కేన్ని వెచ్చగా ఉంచడానికి తప్ప ఎందుకూ పనికిరానిదని వెటకారం. వేవ్ కూర్చేవారికి అన్నిటికంటే పెద్ద భయం ఇదే. అందుకే ప్రతి వేవ్‌లోనూ ఏ పిల్లవాడైనా, మనవడికి కానుక కోసం వచ్చిన ఏ తాతగారైనా గుర్తుపట్టగల ముఖం ఒకటో రెండో ఉండి తీరాలి. ఆ ముఖం మీకు విసుగు పుట్టించే స్పైడర్‌మ్యాన్‌దే కావచ్చు. అయినా ఎవరికీ తెలియని మీ ఏడో సభ్యుడిలాంటివారు ఎక్కవలసిన పల్లకీని మోసేది అతడే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఈ వ్యాపారంలో తప్పుగా లెక్కకు రాదు, ఆ చెట్టు లేకపోతే చిన్న కాయలు అసలు సంతకే రావు. బ్యాట్‌మ్యాన్ మరీ ఎక్కువయ్యాడన్న మీ ఫిర్యాదులో న్యాయం లేదని నేను అనను. 2020లో బ్యాట్‌మ్యాన్ యజమాని అయిన డీసీ కామిక్స్ పాత్రల లైసెన్స్ మెక్‌ఫార్లేన్ టాయ్స్ చేతికి వచ్చాక ఆ కంపెనీ విడుదల చేసిన బ్యాట్‌మ్యాన్‌ల సంఖ్య మీద సేకరణకర్తలు వేసుకునే జోకులకు అంతులేదు. కానీ ఆ బ్యాట్‌మ్యాన్‌లను కొన్నవారిలో ఆ జోకులు వేసినవారే చాలామంది ఉన్నారని కూడా ఒప్పుకోవాలి.

కథలో ప్రాముఖ్యానికీ బొమ్మగా రావడానికీ ఎంత దూరం ఉంటుందో చూపించడానికి పాత ఉదాహరణ ఒకటి చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. 1980ల మొదట్లో కెన్నర్ కంపెనీ డీసీ పాత్రల హక్కులు తీసుకుని సూపర్ పవర్స్ అనే వరుస మొదలుపెట్టగా, పోటీగా మాటెల్ కంపెనీ మార్వెల్ పాత్రలను తీసుకుంది. అయితే బొమ్మలతో పాటు వాటిని నిలబెట్టే ఒక పెద్ద కథ కూడా ప్రచురించాలని మార్వెల్‌ను కోరింది. అలా 1984లో పన్నెండు సంచికల సీక్రెట్ వార్స్ కామిక్ వచ్చింది. రహస్యం, యుద్ధం అన్న అర్థం వచ్చే ఆ రెండు మాటలూ మగపిల్లలను బాగా ఆకర్షిస్తున్నాయని మాటెల్ తన పరిశీలనలో కనుగొనడం వల్లే ఆ పేరు ఖాయమైందని, దాన్ని రాసిన ఎడిటర్ జిమ్ షూటర్ తరువాత చెప్పాడు. ఇంతవరకు సరే. కథ బొమ్మల కోసమే పుట్టింది కనుక కథలో ఉన్నవారే బొమ్మల్లోనూ ఉండాలి కదా. ఉండలేదు. కథలో ప్రధానులైన హల్క్, థార్ ఇద్దరూ మాటెల్ బొమ్మల్లో రానేలేదు. ఆ కథలో కాలు పెట్టని డేర్‌డెవిల్, ఫాల్కన్, హాబ్‌గాబ్లిన్, బేరన్ జీమో మాత్రం అదే పేరున్న ప్యాకెట్లలో దుకాణాలకు వచ్చారు.

ఇది ఎవరి మతిమరుపో అనుకోవడానికి లేదు. ఆ బొమ్మలను పక్కపక్కన నిలబెట్టి చూస్తే సంగతి కళ్లకు కడుతుంది. ముఖం, రంగులు, ఒకటి రెండు అదనపు ముక్కలు తప్పిస్తే చాలామందికి దాదాపు ఒకే దేహం. ఆ దేహం మీద డేర్‌డెవిల్ ఇమిడిపోతాడు, హల్క్ ఇమడడు. హల్క్ కావాలంటే కొత్త అచ్చులు పోయించాలి, ప్లాస్టిక్ ఎక్కువ పోయాలి, ప్యాకెట్ పెద్దది చేయాలి, ధర మాత్రం పక్క బొమ్మకున్నదే ఉంచాలి. ఈ లెక్క ముందు కథలో ప్రాముఖ్యం ఎంతోసేపు నిలవదు.

అచ్చుల విషయం ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ పాత్ర భవిష్యత్తు చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంది. ఒక బొమ్మలోని చేతులు, మొండెం, తొడలు, తల, కీళ్ల ముక్కలు అన్నిటికీ ఉక్కు అచ్చులు కావాలి. పూర్తిగా కొత్త అచ్చులతో ఒక బొమ్మను తయారు చేయాలంటే, మొదటి బొమ్మ బయటికి రాకముందే పదుల వేల డాలర్లు ఖర్చయిపోతాయి. ఆ ఖర్చు ఎన్ని బొమ్మల మీద పంచుకోగలిగితే అంత మేలు. అందుకని ప్రతి కంపెనీ దగ్గరా కొన్ని మూల దేహాలు ఉంటాయి, మనం బాడీలని పిలుచుకునేవి. సన్నగా ఉన్న కుర్రవాడిది ఒకటి, కండలు తిరిగినవాడిది ఒకటి, స్త్రీలవి రెండు మూడు. ఒంటికి అతుక్కుపోయే దుస్తులు వేసుకునే సూపర్ హీరోల వరం ఏమిటంటే, ఒక తల కొత్తగా చెక్కి, రంగు మారిస్తే పాత దేహం మీద కొత్త మనిషి నిలబడతాడు. ఇరవై మంది ఉన్న వరుసలో నిజంగా కొత్తగా చెక్కిన దేహాలు నాలుగైదు కూడా ఉండకపోవచ్చు. వేవ్‌కు కేటాయించిన అచ్చుల బడ్జెట్‌లో ఎక్కువ భాగాన్ని కొత్త సినిమా హీరో సూటో, విచిత్ర ఆకారం ఉన్న విలనో మింగేస్తే, మిగిలిన చోట్లను తప్పనిసరిగా రంగు మార్పులతో నింపవలసి వస్తుంది. ఎవరూ అడగని పాత్ర ఒకటి హఠాత్తుగా ఎందుకు వచ్చిందా అని మనం ఆశ్చర్యపోయే సందర్భాల్లో సగం ఇవే. ఆ పాత్ర తనకు సరిపడే దేహం అప్పటికే గిడ్డంగిలో ఉండటం వల్ల వచ్చింది.

దీనికి విరుద్ధమైన చిక్కు భారీకాయులది. వారికి పాత దేహం సరిపోదు, ధరా సరిపోదు, పైగా వారిలో చాలామంది ఒంటరిగా అమ్ముడుపోయేంత పేరున్నవారు కారు. వారికోసం, అప్పట్లో మార్వెల్ లెజెండ్స్‌ను తయారు చేస్తున్న టాయ్ బిజ్ కంపెనీ 2005లో ఒక చక్కని ఉపాయం కనిపెట్టింది. మార్వెల్ లెజెండ్స్ తొమ్మిదో వరుసలో ఒక్కొక్క బొమ్మతో గెలాక్టస్ దేహంలోని ఒక్కొక్క భాగాన్ని ఇచ్చి, అన్నీ కొన్నవారు వాటిని అతికించుకుంటే ఆ మహాకాయుడు తయారయ్యేలా చేసింది. బిల్డ్ ఎ ఫిగర్ అనే ఈ పద్ధతిలో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. కొనేవారెవరూ అడగని బొమ్మకు కూడా దాని వెంట వచ్చే చెయ్యి కోసమో కాలు కోసమో గిరాకీ పుడుతుంది, మామూలుగా ఎన్నటికీ రాని పాత్రకు కూడా ఒక దారి దొరుకుతుంది. స్టిల్ట్‌మ్యాన్, ఆర్మడిల్లో లాంటి హాస్యపు విలన్లు హాస్‌బ్రో వరుసలో నిలబడ్డది ఈ దారిలోనే. ఆల్ఫా ఫ్లైట్ జట్టు విషయంలో అయితే 2018లో అందులోని భారీకాయుడు సాస్‌క్వాచ్ ముందుగా ఇలా ముక్కలుగా వచ్చి, మిగతా జట్టు మరుసటి ఏడాది ఆరుగురి పెట్టెగా వచ్చింది. మీ పాత్ర మామూలు ఆకారం వాడు కనుక ఈ దారి అతడికి అక్కరలేదు, దొరకదు కూడా.

ఇక లైసెన్సుల గొడవ. బొమ్మల కంపెనీ కొనుక్కునేది పాత్రను కాదు, ఒక నిర్ణీత పరిమాణంలో, నిర్ణీత ధరల శ్రేణిలో, నిర్ణీత కాలం పాటు ఆ పాత్రను తయారు చేసుకునే అనుమతిని. కామిక్ రూపానికి అనుమతి ఉన్నా సినిమా రూపానికి ఉండకపోవచ్చు. సినిమా రూపానికి ఉన్నా అందులోని నటుడి ముఖం వాడుకోవడానికి వేరే ఒప్పందం కావలసి రావచ్చు. 1966 నాటి బ్యాట్‌మ్యాన్ టెలివిజన్ ధారావాహిక ప్రపంచమంతటా పేరున్నదైనా, దాన్ని తీసిన సంస్థ ఒకటి, పాత్ర యజమాని మరొకటి కావడంతో హక్కుల చిక్కుముడి దశాబ్దాల పాటు వీడలేదు. 2012లో ఒప్పందాలు కుదిరాకే, 2013లో మాటెల్ ఆ నటుల పోలికలతో యాక్షన్ ఫిగర్లను దుకాణాల్లోకి తేగలిగింది. ఎక్స్‌మెన్ సినిమాల హక్కులు ఫాక్స్ స్టూడియో దగ్గర ఉన్నంతకాలం కామిక్ ఎక్స్‌మెన్ బొమ్మలు వచ్చాయి గానీ సినిమా ఎక్స్‌మెన్ మార్వెల్ లెజెండ్స్‌లోకి ఒక పూర్తి వరుసగా రావడానికి, 2019లో డిస్నీ ఫాక్స్‌ను కొన్న తరువాత మొదటి సినిమా ఇరవయ్యో వార్షికోత్సవం, అంటే 2020 దాకా ఆగవలసి వచ్చింది. ఇలాంటి ఆలస్యాలను చూసి అభిమానులు ఆ పాత్రకు ఆదరణ లేదేమోనని బాధపడతారు, గొడవ మాత్రం న్యాయవాదుల బల్లల మీద ఉంటుంది. మీ పాత్ర సినిమాలోకి రాకపోవడం ఈ ఒక్క విషయంలో మీకు మేలే చేసింది, అతడి చుట్టూ ఇలాంటి ముళ్లకంచె లేదు.

మరి సినిమాలో లేకపోవడం వల్ల నష్టం ఏమిటంటే క్యాలెండర్‌లో చోటు లేకపోవడం. ఆలోచన మొదలైన రోజు నుంచి బొమ్మ దుకాణానికి చేరేసరికి సుమారుగా ఏడాది నుంచి ఏడాదిన్నర, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ మధ్యలో శిల్పం, రంగు, ప్యాకెట్ అన్నీ దశదశలో పాత్ర యజమాని ఆమోదం పొందాలి. సినిమాల విడుదల తేదీలు ముందే తెలుస్తాయి కనుక ఏడాదిలోని వేవ్‌లు మొదట వాటి చుట్టూ అల్లుకుంటాయి. సినిమా వేవ్‌లో రెండు మూడు చోట్లు మిగిలితే, ఆ సినిమాతో ఏదో ఒక పలచని బంధుత్వం ఉన్న కామిక్ పాత్రలు వాటిలోకి వస్తాయి. మీ జట్టు సభ్యుల్లో ఇంతవరకు వచ్చిన ఆరుగురూ ఏ వేవ్‌లలో, ఏ సినిమాల నీడన వచ్చారో ఒకసారి తిరగేసి చూడండి. అక్కడ మీకు ఏదో ఒక వరస తప్పకుండా కనిపిస్తుంది.

కొన్ని పెద్ద దుకాణాలు తమ దగ్గర మాత్రమే దొరికే బొమ్మలు కావాలని అడుగుతాయి, బదులుగా ఇన్ని వేల పెట్టెలు కొంటామని ముందే హామీ ఇస్తాయి. ఆ హామీ చేతిలో ఉంటే వేవ్‌లో ఇమడని పాత్రను కూడా ధైర్యంగా చేయవచ్చు. చాలాకాలం బొమ్మల్లో కనబడకుండా పోయిన ఫెంటాస్టిక్ ఫోర్ జట్టు మళ్లీ వచ్చింది ఈ దారినే. 2017లో ఇన్విజిబుల్ వుమన్ వాల్‌గ్రీన్స్ అనే అమెరికా మందుల దుకాణాల శ్రేణిలో మాత్రమే దొరికింది. మందుల షాపులో సూపర్ హీరోయిన్ ఏమిటని అప్పట్లో నవ్వుకున్నవారే తరువాత షాపు షాపూ తిరిగారు. ఇందాక చెప్పిన ఆల్ఫా ఫ్లైట్ ఆరుగురి పెట్టె అమెజాన్‌కు ప్రత్యేకంగా వచ్చింది. ఒక జట్టులో మిగిలిపోయినవారిని ఒక్క దెబ్బతో పూర్తి చేయడానికి ఈ తరహా పెట్టెలే అనువైనవి. నా అంచనాలో మీ ఏడో సభ్యుడు వస్తే గిస్తే ఇద్దరి ప్యాక్‌లోనో ఇలాంటి ప్రత్యేక పెట్టెలోనో వస్తాడు, మామూలు వేవ్‌లో ఒంటరిగా వచ్చే అవకాశం తక్కువ.

ఇంతవరకు చెప్పినదంతా వింటే కంపెనీల లెక్కలు ఎప్పుడూ సరైనవేనని నేను సమర్థిస్తున్నట్లు అనిపించవచ్చు, కానీ స్త్రీ పాత్రల విషయంలో ఆ లెక్క చాలాకాలం తప్పుల తడక. ఆడ బొమ్మలను మగపిల్లలు కొనరన్న పాత నమ్మకంతో పెట్టెలో వారిని ఒక్కరినే వేసేవారు, లేదా వదిలేసేవారు. తక్కువ వేశారు కనుక తక్కువ అమ్ముడుపోయేవి, తక్కువ అమ్ముడుపోయాయని మళ్లీ తక్కువ వేసేవారు. 2015లో వచ్చిన అవెంజర్స్ సినిమాలో విమానం నుంచి మోటార్‌సైకిల్ మీద దూకేది బ్లాక్ విడో అయితే, ఆ సన్నివేశానికి చేసిన బొమ్మల సెట్‌లో ఆ బండి మీద కెప్టెన్ అమెరికాను కూర్చోబెట్టారు. అంతకుముందు 2013 నాటి ఐరన్‌మ్యాన్ సినిమాలో విలన్ మొదట స్త్రీ అని, బొమ్మ అమ్ముడుపోదన్న అభ్యంతరంతో పురుషుడిగా మార్చవలసి వచ్చిందని దర్శకుడు షేన్ బ్లాక్ 2016లో స్వయంగా చెప్పాడు. అంటే పెట్టెలోని చోట్ల లెక్క వెళ్లి కథనే మార్చేసిందన్నమాట. పెద్దవారైన సేకరణకర్తలు బలమైన కొనుగోలుదారులుగా మారాక ఈ వైఖరి చాలా సడలింది. ఇప్పుడు పెట్టెలో మొదట ఖాళీ అయ్యే చోటు చాలాసార్లు స్త్రీ పాత్రదే కావడం గమనించే ఉంటారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వస్తాను. మన మాటకు విలువ ఉందా అంటే, ఉంది, కానీ ఆ మాట సంతకం రూపంలో ఉన్నప్పుడు చాలా తక్కువ. బొమ్మల రూపకర్తల్లో చాలామంది స్వయంగా సేకరణకర్తలే కనుక మీ పాత్ర ఎవరో తెలియక వదిలేసి ఉంటారని అనుకోవద్దు, బహుశా వారి డ్రాయరులో అతడి పేరు ఎప్పటినుంచో ఉంటుంది. వారు పైవారిని ఒప్పించడానికి కావలసింది డబ్బు రూపంలో ఉన్న రుజువు. మాటెల్ 2012లో డీసీ పాత్రలకు చందా పద్ధతి పెట్టి, తగినంతమంది ఏడాది పొడవునా కొంటామని ముందుగా నమోదు చేసుకుంటేనే అరుదైన పాత్రలను చేస్తామంది. కొన్నేళ్లు నడిచి ఆగిపోయింది. హాస్‌బ్రో హాస్‌ల్యాబ్ పేరుతో అదే సూత్రాన్ని మరింత సూటిగా అమలు చేసింది. 2020లో సుమారు 350 డాలర్ల సెంటినెల్ రోబోకు 6,000 మంది ముందుకొస్తే చాలనగా, ఇరవై వేలకు పైగా వచ్చారు. 2021లో 400 డాలర్ల గెలాక్టస్‌కు 14,000 మంది కావాలనగా ముప్పై వేలకు పైగా వచ్చారు. ఆ ఊపులో 2022లో రాబీ రేయెస్ అనే ఘోస్ట్ రైడర్ కారును సుమారు 350 డాలర్లకు ప్రకటించి 9,000 మందిని అడిగితే, అంతమంది రాలేదు, ఆ కారు తయారు కాలేదు. ఆ పాత్రను ఇష్టపడేవారు లేరా అంటే ఉన్నారు. ఇష్టపడేవారందరూ అంత డబ్బు పెట్టేవారు కారు, పెట్టగలిగినవారిలో చాలామందికి ఆ పాత్ర తమ జట్టులోనివాడు కాడు. వినతిపత్రం మీది సంతకానికీ ముందస్తు ఆర్డర్‌కూ ఉన్న తేడా ఇక్కడ తెలిసిపోతుంది.

కనుక నాలుగో ఉత్తరం రాయనక్కర లేదు. మీ జట్టులోని ఆరుగురిలో ఎవరైనా కొత్త రూపంలో మళ్లీ వచ్చి, అది మీకు నిజంగా నచ్చితే, ధర తగ్గేదాకా ఆగకుండా ముందస్తు ఆర్డర్ ఇవ్వండి. ఆ జట్టు పేరున్న బొమ్మలు పూర్తి ధరకు ఎంత వేగంగా అమ్ముడుపోయాయన్న లెక్కే ఏడో సభ్యుడి తరఫున వాదించే వకీలు. తగ్గింపు ధరల బుట్టలోంచి మీరు కొన్న బొమ్మ ఆ జట్టుకు విరుద్ధంగా సాక్ష్యం చెబుతుంది. కంపెనీ కొనుగోలుదారులను అడిగే ప్రశ్నావళులు కనబడితే అందులో పాత్ర పేరుతో పాటు, అతడిని ఎవరితో కలిపి ఇద్దరి ప్యాక్‌గా ఇవ్వవచ్చో కూడా రాయండి, ఎందుకంటే అప్పుడు మీరు పాత్రను అడగడం మాని ఒక చోటును చూపిస్తున్నారు. అయితే మీ పాత్రకు ఓటు వేసినట్లవుతుందని ఇష్టంలేని బొమ్మలను మాత్రం కొనవద్దు. వేవ్‌లోని ఏ బొమ్మను ఎవరు ఎందుకు కొన్నారో కంపెనీకి తెలియదు, మీ ఇంట్లో చోటు పోవడం తప్ప ఫలితం ఉండదు.

మీ పాత్ర అవకాశాలను ఈ కొలతలతో నేను చూస్తే కనిపించేది ఇది. మామూలు దేహం, అది కంపెనీ దగ్గర తప్పక ఉంటుంది. కావలసిన కొత్త అచ్చులు తల ఒకటి, కోటు ఒకటి. కోటు మెత్తని ప్లాస్టిక్‌తో విడిగా చేసి తొడిగించే ముక్క, దాన్ని తరువాత మరో నలుగురికి వాడుకోగలిగితేనే ఆ అచ్చు ఖర్చుకు అర్థం ఉంటుంది. కాబట్టి అలాంటి పొడవాటి కోటు వేసుకునే మరో పేరున్న పాత్ర ఎప్పుడు వస్తుందా అని గమనించండి. ఆ కోటు అచ్చు ఒకసారి తయారైతే మీ ఏడో సభ్యుడి ఖర్చు ఒక తలకు పడిపోతుంది. ఆరుగురు వచ్చిన జట్టును ఏడో సభ్యుడి దగ్గర ఆపేయడం వారికీ లాభం కాదు, మిగిలిన ఆ ఒక్కడిని చూపి పాత ఆరుగురినీ మళ్లీ అమ్మవచ్చు. ఏ ఏడాది అన్నది నేను చెప్పలేను గానీ, పందెం కాయవలసి వస్తే రాడని మాత్రం కాయను.

అందుకే పాత కంపెనీ బొమ్మ విషయంలో ఆగమనే నా సలహా. కొత్తది ప్రకటించిన రోజున పాత బొమ్మల మారుబేరపు ధర పడిపోవడం ఎన్నోసార్లు చూశాము, ఎందుకంటే అప్పటిదాకా దాన్ని కొంటున్నవారిలో ఎక్కువమంది మీలాగే ఖాళీ నింపుకోవడానికి కొంటున్నవారు. పైగా రెండు కంపెనీల బొమ్మల ఎత్తు, భుజాల వెడల్పు, రంగుల తీరు సరిపోలవు. ఆరుగురి పక్కన ఏడోవాడు మరో ఇంటి చుట్టంలా కనిపిస్తాడు. ఆ పాత శిల్పమే మీకు ప్రత్యేకంగా ఇష్టమైతే వేరే మాట, అప్పుడు ధర పడిపోయాక కూడా బాధపడనంత మొత్తానికే కొనండి, పెట్టుబడి అనుకుని కొనవద్దు. ఈలోగా చెయ్యి ఊరుకోకపోతే, మీ దగ్గర రెండేసి ఉన్న బొమ్మల్లో సరైన ఒడ్డూ పొడుగూ ఉన్నదాన్ని ఒకటి తీసి, విడిగా అమ్మే తలలూ కోట్లలో నప్పేవి వెతికి తొడిగి, రంగు వేసి చూడండి. పలచని పూతలు మూడు నాలుగు వేయాలి, ఒక్కొక్కటీ పూర్తిగా ఆరాలి, కీళ్ల దగ్గర మాత్రం రంగు తగలనివ్వకండి, కదిలించగానే గీరుకుపోతుంది.